క్యాన్సరు రోగికి మందు, డబ్బు, తోడు: 1948 చెప్పే కథ

మా చిన్నతనంలో పల్లెల్లో క్యాన్సరును రాచపుండు అనేవారు. ఆ మాటను కూడా గొంతు తగ్గించి పలికేవారు. వ్యాధి పేరు బయట పడితే పిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోతాయని భయం, అంటుకుంటుందేమోనన్న అపోహ, చికిత్స లేదన్న నిరాశ, మూడూ కలిసి ఆ ఇంటి తలుపులు మూయించేవి.

1980వ దశకం మొదట్లో నేనొక తాలూకా ఆసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జనుగా పనిచేస్తున్నాను. ఒక కౌలురైతు తన భార్యను తీసుకొచ్చాడు. పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరు ఉన్నట్టు తోచింది. నగరంలోని పెద్దాసుపత్రికి చీటీ రాసి ఇచ్చాను. అక్కడ వికిరణ చికిత్స ఉచితం. వ్యాధి ఇంకా ముదరలేదు, నయమయ్యే అవకాశం ఉంది. నా పని సక్రమంగా చేశాననే అనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత ఆ రైతు చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. భార్య సంగతి అడిగాను. పదిహేను రోజులు చికిత్స చేయించి తిరిగి వచ్చేశామని చెప్పాడు. పాడిగేదెను అమ్మిన డబ్బు గది అద్దెకూ తిండికీ అయిపోయింది. ఊళ్ళో పిల్లలను చూసే దిక్కు లేదు. తన కోసం ఇల్లు గుల్ల చేయవద్దని ఆమె పట్టుబట్టిందట. ఆ ఏడు గడవకముందే ఆమె చనిపోయింది.

చికిత్స ఉచితమే. ఆ చికిత్స పూర్తయ్యేవరకు నగరంలో నిలబడటం మాత్రం ఉచితం కాదు. నేను చీటీ రాశాను కానీ, ఎక్కడ దిగుతారు, ఏం తింటారు, పిల్లలను ఎవరు చూస్తారు అని ఒక్క మాట అడగలేదు. ఆ ప్రశ్నలు మాకు కళాశాలలో ఎవరూ నేర్పలేదనడం సగం నిజం. అడగాలని నాకే తోచలేదన్నది మిగిలిన సగం.

చాలా ఏళ్ళ తర్వాత క్యాన్సరు వైద్యచరిత్ర చదువుతూండగా 1948వ సంవత్సరం దగ్గర ఆగిపోయాను. మందు, డబ్బు, తోడు అనే మూడింటికీ ఆధునిక కాలపు పునాదులు ఆ ఒక్క సంవత్సరంలో పడ్డాయి. వాటిలో ఒకదాని వెనుక మన తెలుగువాడు ఉన్నాడు. ఆ కథ చెప్పి, దాని నుంచి మన కుటుంబాలు ఏమి గ్రహించాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

భీమవరం నుంచి బోస్టనుకు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. లేమి ఎరిగిన కుటుంబం. మద్రాసు వైద్యకళాశాలలో చదివారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆయనకూ ఆ వ్యాధి సోకింది, కానీ బతికి బయటపడ్డారు. స్ప్రూలో పేగులు పోషకాలను పీల్చుకోలేవు. రోగి రక్తం తగ్గిపోయి చిక్కిపోతాడు. ఆ లోపానికి కారణమేమిటన్న ప్రశ్న సుబ్బారావును జీవితాంతం వెంటాడింది.

పైచదువుకు అమెరికా వెళ్ళాలనుకున్నప్పుడు ఆయన చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు కూడగట్టిన సొమ్ము కలిసి ఆయనను ఓడ ఎక్కించాయి. 1923 అక్టోబరు 26న బోస్టను చేరారు. అక్కడ చదువుకుంటూ పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. గొప్ప శాస్త్రవేత్తలను స్మరించేటప్పుడు మనం ఈ భాగాన్ని త్వరగా దాటేస్తాం. దాటవలసింది కాదు. ఆనాడు ఒక ధర్మసంస్థ చేయి అందించకపోతే సుబ్బారావు మద్రాసులోనే ఉండిపోయేవారు.

తర్వాత ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయం నుంచి లెడర్లీ అనే ఔషధ సంస్థకు మారి 1940వ దశకంలో దాని పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. స్ప్రూలో కలిగే రక్తహీనతకు ఆ విటమిను పనికివచ్చింది. సోదరులను బలిగొన్న వ్యాధి దగ్గర మొదలైన అన్వేషణ అలా ఒక ఫలితానికి చేరింది.

పదహారు మంది పిల్లలు

అదే బోస్టను నగరంలో పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే రోగవిజ్ఞాన నిపుణుడు ఉండేవాడు. ఆయన పని సూక్ష్మదర్శిని కింద కణజాలాన్ని పరిశీలించడం, మరణించిన పిల్లలకు శవపరీక్షలు చేయడం. రక్తంలో తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగే ల్యుకీమియాతో వచ్చిన పిల్లలు కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో ఆయన బల్ల మీదికి చేరేవారు. ఆనాటికి దానికి చికిత్స లేదు.

ఫోలిక్ ఆమ్లపు సమ్మేళనాలు ఇచ్చిన పిల్లల్లో వ్యాధి తగ్గకపోగా వేగంగా పెరగడం ఫార్బరు గమనించాడు. ఆ విటమిను క్యాన్సరు కణాలకు మేతవుతున్నట్లయితే, దాన్ని అడ్డుకునే పదార్థం ఆ కణాలను మాడ్చవచ్చు గదా అని ఆలోచించాడు. అటువంటి పదార్థాలు సుబ్బారావు ప్రయోగశాలలో తయారవుతున్నాయి. అక్కడినుంచి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందును 1947 చివర్లో పిల్లలకు ఇవ్వడం ప్రారంభించాడు.

1948 జూన్ 3న ఆయన బృందం ఫలితాలను ప్రకటించింది. చికిత్స పొందిన పదహారు మంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. ఇది తాత్కాలికమేనని ఫార్బరు ఆ వ్యాసం శీర్షికలోనే స్పష్టం చేశాడు. కొన్ని నెలల్లో వ్యాధి తిరగబెట్టింది. అయినా ల్యుకీమియాను మందుతో వెనక్కి నెట్టవచ్చని వైద్యలోకం మొదటిసారి చూసింది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ల్యుకీమియా చికిత్సలో, కీళ్ళవాతపు చికిత్సలో వాడుకలో ఉంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా మంచి వసతులున్న కేంద్రాల్లో నూటికి ఎనభై మందికి పైగా నయమవుతున్నదంటే ఆ దారి అక్కడే మొదలైంది.

ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 సంవత్సరాలు.

జిమ్మీ అనే పిల్లవాడు

మందు దొరికింది. దాన్ని పరీక్షించడానికి, పిల్లలను నెలల తరబడి చూసుకోవడానికి డబ్బు ఎక్కడిది? ఫార్బరుకు తోడుగా న్యూ ఇంగ్లండు ప్రాంతపు వెరైటీ క్లబ్బు ముందుకొచ్చింది. సినిమాహాళ్ళ యజమానులు, వినోదరంగం వారు కలిసి నడిపే సేవాసంఘమది. 1948 మే 22 రాత్రి దేశమంతటా వినిపించే ఒక రేడియో కార్యక్రమం బోస్టను ఆసుపత్రి గదిలో ఉన్న పన్నెండేళ్ళ పిల్లవాడితో మాట్లాడింది. అతడు పొట్టలో వచ్చిన లింఫోమాకు చికిత్స పొందుతున్నాడు. అసలు పేరు బయట పెట్టకుండా జిమ్మీ అని పిలిచారు. అతడికి ఇష్టమైన బోస్టను బ్రేవ్స్ జట్టు బేస్‌బాల్ ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా గదిలోకి వచ్చి పలకరించారు. వాళ్ళ ఆటలు చూడటానికి పిల్లవాడికి టెలివిజను కావాలని, శ్రోతలు డబ్బు పంపాలని కార్యక్రమం నిర్వాహకుడు కోరాడు.

రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చింది. పిల్లవాడికి టెలివిజను వచ్చింది. మిగిలిన సొమ్ముతో జిమ్మీ నిధి ఏర్పడింది. తర్వాతి కాలంలో సినిమాహాళ్ళలో, ఆటస్థలాల్లో డబ్బాలు పట్టి ప్రజలు వేసిన చిల్లరతో ఆ నిధి పెరిగింది. 1952లో ఆ డబ్బుతో పిల్లల క్యాన్సరు చికిత్సకూ పరిశోధనకూ ప్రత్యేక భవనం లేచింది. నేటి డేనా-ఫార్బర్ క్యాన్సరు సంస్థకు అది మూలం.

ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. కోట్లమంది విన్న ఆ కార్యక్రమంలో పిల్లవాడి గోప్యతను కాపాడారు. ప్రజల జాలి కోసం అతడి పేరును బజారులో పెట్టలేదు. జిమ్మీ చనిపోయి ఉంటాడనే చాలామంది అనుకున్నారు. యాభై ఏళ్ళ తర్వాత, 1998లో, ఐనార్ గుస్టాఫ్‌సన్ అనే లారీ డ్రైవరు తానే ఆ జిమ్మీనని లోకానికి తెలిసేలా ముందుకొచ్చాడు. అతడు 2001 వరకు జీవించాడు.

సంపూర్ణ సంరక్షణ

ఫార్బరు చేసిన మరొక పనికి మందుకు వచ్చినంత పేరు రాలేదు. ల్యుకీమియా పిల్లలు నెలల తరబడి బతకడం మొదలయ్యాక, ఆ కుటుంబాలకు కొత్త కష్టాలు వచ్చాయి. దూరపు ఊళ్ళనుంచి పదే పదే రావాలి. తండ్రి ఉద్యోగం, ఇంట్లో మిగిలిన పిల్లలు, ఎప్పుడు తిరగబెడుతుందోనన్న భయం, ఇవన్నీ రోగంతో పాటే నడుస్తాయి.

ఫార్బరు దీనికి సంపూర్ణ సంరక్షణ అనే పద్ధతిని ముందుకు తెచ్చాడు. వైద్యుడు, నర్సు, పోషకాహార నిపుణుడు, సామాజిక కార్యకర్త, మానసిక సలహాదారు ఒకే చోట ఒకే బృందంగా ఉండాలి. పిల్లవాడితో పాటు తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా వారి బాధ్యతే. డబ్బు లేదన్న కారణంతో ఏ కుటుంబమూ చికిత్సకు దూరం కాకూడదు. చదివినప్పుడు ఇదంతా తేలికగా కనిపిస్తుంది. ఆనాటి ఆసుపత్రుల్లో మాత్రం వైద్యం అంటే రోగి శరీరానికి జరిగేదే. కుటుంబం వరండాలో వేచి ఉండేది. మన దగ్గర నా ఉద్యోగకాలమంతా ఆ వరండాలోనే ఉంది.

లండనులో ఒక కిటికీ

అదే 1948 ఫిబ్రవరిలో లండను ఆసుపత్రిలో డేవిడ్ టాస్మా అనే నలభై ఏళ్ళ వ్యక్తి క్యాన్సరుతో మరణించాడు. పోలండునుంచి వచ్చి హోటల్లో వడ్డన చేసుకుని బతికినవాడు. ఆ నగరంలో అతడికి నా అనేవారు లేరు. వ్యాధి శస్త్రచికిత్సకు అందని దశలో ఉంది. సిసిలీ సాండర్స్ అనే యువతి అతడిని తరచూ చూడటానికి వెళ్ళేది. ఆమె మొదట నర్సు. వెన్నునొప్పి వల్ల ఆ పని మాని, ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా మారింది. నొప్పితో ఉన్నవాడికి, ఒంటరివాడికి చివరి రోజుల్లో ఎటువంటి చోటు కావాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. అటువంటి ఇల్లు ఎప్పుడైనా కడితే అందులో ఒక కిటికీకి తన వంతుగా ఉండనిమ్మని చెప్పి అతడు ఆమెకు 500 పౌండ్లు వదిలి వెళ్ళాడు.

వైద్యులు వింటారంటే తానూ వైద్యురాలే కావాలని సాండర్స్ మళ్ళీ చదువుకుని 1957లో వైద్యపట్టా పొందింది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను ప్రారంభించింది. రోగి బాధ శరీరంలో మాత్రమే ఉండదని, మనస్సులో, కుటుంబంలో, డబ్బు చింతలో, జీవితార్థం గురించిన ప్రశ్నల్లో కూడా ఉంటుందని, వీటన్నిటినీ కలిపి సంపూర్ణ వేదనగా చూడాలని ఆమె బోధించింది. నొప్పి వచ్చాక మందు ఇవ్వడం కాక, నొప్పి రాకముందే వేళ తప్పకుండా మార్ఫీను ఇవ్వాలని చూపించింది. బోస్టనులో సంపూర్ణ సంరక్షణ, లండనులో సంపూర్ణ వేదన. ఇద్దరూ చెప్పింది ఒక్కటే. రోగితో పాటు అతడి ఇంటినీ చూడాలి.

మన దేశంలో నడిచిన దారి

మన దేశంలోనూ క్యాన్సరు సేవలు చాలావరకు ఆత్మీయులను పోగొట్టుకున్నవారి దుఃఖంనుంచే పుట్టాయి. దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో ల్యుకీమియాతో మరణించారు. టాటా ధర్మనిధి 1941 ఫిబ్రవరి 28న బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిని నెలకొల్పింది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు 1923లో క్యాన్సరుతో మరణించింది. ఆ దుఃఖం మరువని ఆమె మహిళా సంఘం తరఫున విరాళాలు సేకరించి 1954లో మద్రాసు అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సరు ఆసుపత్రిని ప్రారంభించారు. కోస్తా, రాయలసీమ జిల్లాల రోగులు ఎందరో దశాబ్దాల పాటు రైలెక్కి అక్కడికే వెళ్ళారు. 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సరు ఆసుపత్రి ఏర్పడింది. తెలంగాణ పేదలకు ఈనాటికీ అది పెద్ద దిక్కు. నందమూరి తారక రామారావు సతీమణి బసవతారకం 1985లో క్యాన్సరుతో మరణించగా, ఆమె పేరిట 2000లో హైదరాబాదులో మరొక ఆసుపత్రి వచ్చింది.

భవనాలు వచ్చినా చికిత్స ఖర్చు కుటుంబం నెత్తినే ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పథకం మొదలై, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. క్యాన్సరు శస్త్రచికిత్స, వికిరణ చికిత్స, ఔషధ చికిత్సలు అందులో చేరాయి. పేదవాడు తెల్ల కార్డుతో కార్పొరేటు ఆసుపత్రి గడప ఎక్కడం నేను ఉద్యోగంలో ఉన్న తొలి రోజుల్లో ఊహకందని సంగతి. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను ప్రవేశపెట్టింది.

తోడు విషయంలో మనకు దారి చూపింది కేరళ. 1993లో కోళికోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలైనవారు ఉపశమన వైద్యసంఘాన్ని స్థాపించారు. ఆ రాష్ట్రంలో క్రమంగా ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగి ఇంటికి వెళ్ళి చూసుకునే పద్ధతి వేళ్ళూనింది. మార్ఫీనుకు మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అడ్డుగోడ అయింది. అనుమతుల చిక్కులకు జడిసి ఆసుపత్రులు దాన్ని తెప్పించడమే మానుకున్నాయి. రోగులు నొప్పితో అల్లాడిపోయారు. 2014లో చట్టాన్ని సవరించి అనుమతులను సులభం చేశారు.

మొదటి రోజే అడగవలసినవి

చరిత్ర చదివి ఊరుకుంటే ప్రయోజనం లేదు. రోగ నిర్ధారణ జరిగిన రోజున కుటుంబం దృష్టి అంతా మందు మీదే ఉంటుంది. డబ్బు, తోడు సంగతి చేతిలో డబ్బయిపోయాక, మనిషి కుంగిపోయాక గుర్తుకొస్తాయి. అప్పటికి సగం చికిత్స ఆగిపోయి ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు వికిరణ చికిత్స అంతా సుమారు ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సరు కణాలు మళ్ళీ పుంజుకుంటాయి, నయమయ్యే అవకాశం పడిపోతుంది. నేను మొదట చెప్పిన ఆ ఇల్లాలి విషయంలో జరిగింది అదే. కాబట్టి మొదటి రోజే ఈ ప్రశ్నలు అడగండి.

మొదటిది, ఈ ఆసుపత్రి ప్రభుత్వ పథకం కింద నమోదయిందా, మా చికిత్స మొత్తం అందులోకి వస్తుందా? ఆరోగ్యమిత్ర సహాయకేంద్రం అక్కడే ఉంటుంది. డబ్బు కట్టకముందే అడగాలి, కట్టిన తర్వాత తిరిగి రాబట్టడం కష్టం. పథకాల పేర్లు, పరిమితులు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి గనుక పాత సమాచారాన్ని నమ్ముకోకండి. పథకంలోకి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండవది, చికిత్స ఎన్ని వారాలు? అన్నాళ్ళూ ఎక్కడ ఉండాలి? పెద్ద క్యాన్సరు ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉంటారు. తక్కువ అద్దెకు దొరికే ధర్మశాలలు, అన్నదానం చేసే సంస్థలు వారికి తెలుసు. సిగ్గుపడకుండా వారిని కలవండి. చికిత్సకు రైలులో వెళ్ళే క్యాన్సరు రోగికి స్లీపరు, మూడవ తరగతి ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి మూడొంతుల రాయితీ ఉన్నాయి. ఆసుపత్రి ధ్రువపత్రం తీసుకోవాలి.

మూడవది, ఇంటి దగ్గర పిల్లలను, వృద్ధులను, పశువులను ఎవరు చూస్తారు? ఇది వైద్యప్రశ్న కాదనిపించవచ్చు. ముమ్మాటికీ వైద్యప్రశ్నే. బంధువులు సాయం చేయాలనుకుంటే పండ్లు తీసుకెళ్ళి పరామర్శించడం కంటే రెండు వారాలు ఆ ఇంటి పిల్లలకు అన్నం పెట్టడం మేలు.

నాలుగవది, రోగికి విషయం చెప్పారా? చాలా ఇళ్ళలో రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. రోగి కూడా గ్రహిస్తాడు, ఇంటివాళ్ళ కోసం తెలియనట్టు నటిస్తాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా ఏడుస్తారు. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో రోగినే అడిగి, అంతవరకు నిజం చెప్పడం మంచిది. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, చావు మాటలు కనిపిస్తే మానసిక వైద్యుణ్ణి సంప్రదించండి. ప్రభుత్వ టెలి-మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రోగిని చూసుకునేవారికీ ఆ సాయం అవసరమే.

ఐదవది, నొప్పి ఎలా ఉంది? నొప్పిని భరించడం గొప్పతనం కాదు. ఉపశమన చికిత్స అంటే ఆశ వదులుకోవడమూ కాదు, అది అసలు చికిత్సతో పాటే మొదలుకావచ్చు. వైద్యుల పర్యవేక్షణలో నొప్పికి వాడే మార్ఫీను వ్యసనానికి దారితీయడం అరుదు.

ఇక మన వంతు. సుబ్బారావును ఓడ ఎక్కించింది ఒక ధర్మసంస్థ. జిమ్మీ భవనాన్ని కట్టింది ముక్కూ మొహం తెలియని శ్రోతల చిల్లర. సాండర్స్‌కు తొలి విరాళమిచ్చింది నా అనేవారు లేని ఒక హోటలు పనివాడు. మీ వీధిలో ఎవరికైనా ఈ వ్యాధి వచ్చిందని తెలిస్తే, ఏ ఆసుపత్రి, ఏ దశ అని ఆరా తీయడానికి ముందు, ఇంటి దగ్గర ఎవరున్నారని అడగండి. నేను నలభై ఏళ్ళ క్రితం ఆ కౌలురైతును అడగవలసిన ప్రశ్న అదే.